ప్రాసెసర్‌ను ఉరికిస్తే 4కె రాదు: పాత కంప్యూటర్లు, నల్లగొండ ఎండలు

సంపాదకులకు నమస్తే,

పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసుకుంటే, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడిపిస్తే, కొత్త కంప్యూటర్ కొనే పని లేకుండానే 4కెలో గేములు ఆడుకోవచ్చని మీ టెక్నాలజీ పేజీలో రాశారు. నేను నల్లగొండలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి, రిపేర్లు చేసి బతికేవాణ్ని. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకొని మరీ షాపుకొస్తున్నారు పిల్లలు, "అన్నా, నాది కూడా గిట్ల చేసియ్యవా" అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మీ పత్రికకే రాస్తే పోతుందని ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

ఓవర్‌క్లాకింగ్ చేయొద్దని నేను అనడం లేదు. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఐ5 2500కె, ఐ7 2600కె చిప్పులు కంపెనీ లెక్కలో 3.3, 3.4 గిగాహెర్ట్జ్‌వి. మంచి కూలర్ ఒకటి పెట్టి వాటిని 4.4 దాకా తీసుకుపోయినవాళ్లు దునియా అంతటా ఉన్నారు, ఇప్పటికీ వాడుతున్నవాళ్లూ ఉన్నారు. నా పేచీ అంతా ఆ 4కె అన్న మాట దగ్గరే. రెజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్క, పెంచినకొద్దీ బరువు పడేది బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు మీద, ప్రాసెసర్ మీద కాదు. వ్యాసంలో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఇంత ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ (1080పి అనేదీ ఇదే) అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, గుణిస్తే 20 లక్షల 73 వేల చిల్లర పిక్సెళ్లు, అంటే చుక్కలు. 4కె అంటే 3840, 2160, మొత్తం 82 లక్షల 94 వేలు, సరిగ్గా నాలుగింతలు. వీటన్నిటికీ రంగులు పూసే పని కార్డుది. ప్రాసెసర్ చేసేది వేరే పని: ఎదుటివాడు ఎటు నడవాలి, తూటా ఎక్కడ తగిలింది, గోడ కూలితే ఇటుకలు ఎటు పడాలి, ఏయే వస్తువులు గీయాలో కార్డుకు వరసగా చెప్పడం. రెజల్యూషన్ తక్కువైనా ఎక్కువైనా ఆ పని దాదాపు అంతే ఉంటుంది.

సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ తన వంతు 12 మిల్లీసెకన్లలో ముగించి, అదే ఫ్రేముకు కార్డు 4కెలో 33 తీసుకుంటోందనుకోండి, రెండూ పక్కపక్కనే పనిచేస్తాయి కాబట్టి నిదానంగా ఉన్నదే లెక్క, తెర మీద వచ్చేవి 30 ఫ్రేములు. ఇప్పుడు ఓవర్‌క్లాక్ చేసి ఆ 12ను 10కి తెచ్చారు, సంబరమే, కానీ కార్డు ఇంకా 33 దగ్గరే ఉంది కాబట్టి వచ్చేవి మళ్లీ ఆ 30 ఫ్రేములే. ప్రాసెసర్ మునుపటి కన్నా ఇంకో రెండు మిల్లీసెకన్లు ఎక్కువసేపు ఖాళీగా కూర్చుంటుంది, అంతే. బోరు పైపు ఒకటిన్నర ఇంచుదే ఉంచి, మూడు హెచ్‌పీ మోటారు తీసి ఐదు హెచ్‌పీ దించితే మడికి నీళ్లేమీ పెద్దగా పెరగవు, కరెంటు మాత్రం గుంజుతుంది. మా దిక్కు రైతులకు ఎవరూ చెప్పాల్సిన పని లేని సంగతి ఇది, వాళ్ల పిల్లలకే చెప్పాల్సి వస్తోంది.

ఈ మధ్యే దేవరకొండ వైపు నుంచి డిగ్రీ చదివే పిల్లగాడొకడు క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, దోస్తును వెనక కూర్చోబెట్టి, బైకు మీద తెచ్చాడు. లోపల 2600కె, ఓవర్‌క్లాక్‌కు ఒప్పుకునే జెడ్77 మదర్‌బోర్డు, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. అన్నీ సెకండ్ హ్యాండ్‌లో ఏరుకున్నవే, ఎంపిక మాత్రం బాగుంది. ఇంట్లోకి కొత్తగా 4కె టీవీ వచ్చిందట, దానికి తగిలించినప్పటి నుంచి గేమ్ ఈడ్చుకుంటూ నడుస్తోందట. "ప్రాసెసర్ పాతది కదన్నా, 4.5కు కొట్టు" అన్నాడు. నేను బయోస్ (వేగం మార్చే సెట్టింగులుండే చోటు) జోలికి పోకుండా షాపులో ఉన్న 4కె మానిటర్‌కు తగిలించి, కార్డు పనిని కొలిచే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ వేసి, తెర మూలన అంకెలు కనబడేటట్టు పెట్టాను. జీపీయూ, అంటే కార్డులోని చిప్పు, 99 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది, కదలదు మెదలదు. ఫ్రేములు ముప్పై లోపలే. అదే గేమ్‌ను, అదే చోట నిలబెట్టి, 1080పికి దించితే ఫ్రేములు రెట్టింపు దాటాయి. ప్రాసెసర్ అదే, వేగం అదే. "తమ్మీ, చూడు, ఇంకా నేను దాన్ని ముట్టుకోనే లేదు" అంటే వాడి దోస్తు పడీపడీ నవ్వాడు.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చు. రెజల్యూషన్ దించండి. ఫ్రేములు బాగా పెరిగితే ఇబ్బంది కార్డుతో. దించినా అక్కడే ఉంటే ఇబ్బంది ప్రాసెసర్‌తో, అప్పుడు ఓవర్‌క్లాక్ మాట మాట్లాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ప్రాసెసర్ వాడకం 40 శాతమే ఉంది కాబట్టి అది ఖాళీగా ఉందని అనుకోవద్దు. 2600కెలో ఎనిమిది థ్రెడ్లు, అంటే పని నడిచే దారులు, అందులో ఒక్కటి వందకు కొట్టుకుంటూ మిగతావి ఊరికే ఉన్నా మొత్తం లెక్క తక్కువే చూపిస్తుంది. అందుకే జీపీయూ అంకెను చూడాలి. అది తొంభై ఐదు పైన నిలబడి ఉంటే ప్రాసెసర్‌ను ఎంత ఉరికించినా దండగ. అరవై, డెబ్బై మధ్య ఊగుతుంటే, ఫ్రేములకు గేములో గానీ డ్రైవర్‌లో గానీ లిమిట్ పెట్టి లేకపోతే, ప్రాసెసరో ర్యామో వెనకబడుతున్నట్టు.

ఇంకో మెలిక కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎఫ్ఎస్ఆర్, డీఎల్ఎస్ఎస్ అనేవి ఆన్ చేస్తే గేమ్ లోపల తక్కువ రెజల్యూషన్‌లో గీసి పైకి సాగదీస్తుంది. తెర 4కె అయినా ఎఫ్ఎస్ఆర్ క్వాలిటీ మోడ్‌లో లోపల గీసేది 1440పి (నిలువుగా 1440 చుక్కలు), పర్ఫార్మెన్స్ మోడ్‌లో 1080పి. అంటే కార్డు బరువు తగ్గి ఫ్రేములు పెరుగుతాయి, అలా పెరిగి పెరిగి ఒకచోట మళ్లీ ప్రాసెసర్ దగ్గరకొచ్చి ఆగుతాయి. కాబట్టి 4కె టీవీ మీద ఎఫ్ఎస్ఆర్ పెట్టుకొని ఆడేవాడికి ప్రాసెసర్ వేగం కొంత కలిసొస్తుంది, సగటు ఫ్రేముల్లో కన్నా మధ్యమధ్యలో గేమ్ గుంజినట్టు ఆగే ఝట్కాలు తగ్గడంలో. మీ వ్యాసం రాసినాయన మనసులో ఇదే ఉండి ఉంటే ఆ మాట రాయాల్సింది. ఎఫ్ఎస్ఆర్ పాత వెర్షన్లకు కొత్త కార్డు కూడా అక్కర్లేదు, ఆ 1060 మీదే నడుస్తుంది. పిల్లగాణ్ని అది పెట్టించే పంపాను.

టీవీ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకందైన పాత కార్డుల నుంచి 4కె సెకనుకు 30 సార్లే పోతుంది, 60 పోవాలంటే 2.0 ఉండాలి. ఆ 1.4 రకమే ఉన్న జీటీఎక్స్ 750 టీఐ కార్డు పెట్టుకొని 4కె టీవీ మీద 60 రావట్లేదని ప్రాసెసర్‌ను తిడితే ఏం లాభం? కొన్ని టీవీల్లో అయితే కార్డు మంచిదైనా, వెనకున్న పోర్టుల్లో ఒక్కదానికే 60 వస్తుంది, దానికీ సెట్టింగుల్లోకి పోయి ఆన్ చేయాలి. గేమ్ మోడ్ కూడా వేసుకోవాలి, లేకపోతే బటన్ నొక్కిన చాలాసేపటికి గానీ తెర మీద తూటా పేలదు.

ఇక అసలు మా ఊరి సంగతి. ఇంటర్నెట్‌లో కనబడే ఓవర్‌క్లాక్ లెక్కల్లో ఎక్కువ భాగం ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదుల్లో చేసినవి. కూలర్ ఏదైనా సరే, చిప్పును గది వేడి కన్నా చల్లగా చేయలేదు, దాని మీద ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటుందన్నదే దాని సత్తా. 22 డిగ్రీల గదిలో 70 దగ్గర ఆగిన చిప్పు గది కన్నా 48 డిగ్రీలు పైన ఉన్నట్టు. అదే చిప్పు, అదే కూలర్, మే నెలలో నల్లగొండలో మధ్యాహ్నం, ఏసీ లేని పై అంతస్తు గది, బయట 44, లోపల స్లాబు కింద 40 అనుకోండి. 40కి 48 కలిపితే 88. వంద దగ్గరికొస్తే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం దించేసుకుంటుంది. డిసెంబర్‌లో 4.5 అని దోస్తులకు స్క్రీన్‌షాట్లు పంపినవాడు మే నెలలో తనకు తెలియకుండానే అంతకన్నా తక్కువ వేగం మీద ఆడుతుండొచ్చు. ఇందులో మిర్యాలగూడకూ మహబూబ్‌నగర్‌కూ పెద్ద తేడా ఏం లేదు, ఎండ అందరికీ ఎండే.

ఆ వేడి కూడా వేగంతో సమానంగా పెరగదు. చిప్పు తినే కరెంటు వేగాన్ని బట్టీ, వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని (వర్గాన్ని) బట్టీ పెరుగుతుంది. 3.4 నుంచి 4.4కి పోతే వేగం 29 శాతం పెరిగినట్టు. దానికోసం వోల్టేజీ 1.2 నుంచి 1.35కి ఎక్కించారనుకుంటే, ఆ ఒక్క మార్పుకే వేడి 26 శాతం పైన పెరుగుతుంది. రెండూ గుణిస్తే దగ్గర దగ్గర 64 శాతం. 95 వాట్ల చిప్పు 155 వాట్ల చిప్పు అవుతుంది. డబ్బాలో వచ్చిన ఆ చిన్న అల్యూమినియం కూలర్ 95కే అరుస్తూ ఉంటుంది. చాలామంది పీసీల్లో దాని కిందున్న పేస్టు ఎండిపోయి సుద్దలా రాలుతుంటుంది, రెక్కల మధ్య దుమ్ము పట్టుకొని బట్టలా లేస్తుంది, ఆ పరిస్థితిలో వేగం పెంచమంటారు. కొందరు వేడి తగ్గాలని క్యాబినెట్ పక్క తలుపు తీసేసి దాన్ని ఎయిర్ కూలర్ ముందు పెడతారు. చల్లగాలి మంచిదే కానీ దాంతో పాటు చెమ్మ కూడా వస్తుంది. మన జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, కూలర్ గడ్డి మీద తెల్లగా ఎంత పేరుకుంటుందో చూడండి, ఆ తుంపర్లు మదర్‌బోర్డు మీద పడితే ఎట్లా?

కరెంటు మాట ఒకటి మిగిలింది. ఇక్కడ ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది 600 వీఏ యూపీఎస్, అది మోయగలిగింది 360 వాట్లు. ప్రాసెసర్ 95, జీటీఎక్స్ 1060 కార్డు 120, బోర్డూ డిస్కులూ ఫ్యాన్లూ కలిపి ఇంకో 50 అనుకుంటే 265. ఎస్ఎంపీఎస్‌లో (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) పోయేది పోను గోడ నుంచి 330 దాకా లాగుతుంది, యూపీఎస్ ఎట్లాగో మోస్తుంది. అదే ప్రాసెసర్ 155 అయితే గోడ దగ్గర 400 దాటుతుంది. ఆటలో అస్తమానం అంత లాగదు, నిజమే, కానీ ప్రైమ్95 లాంటి స్ట్రెస్ టెస్ట్ నడుస్తుండగానో, గేమ్ లోడయ్యేటప్పుడు ప్రాసెసర్, కార్డు రెండూ ఒక్కసారే మేల్కొన్నప్పుడో కరెంటు పోయిందనుకోండి, యూపీఎస్ కుయ్‌మని ఒక్క కూత కూసి మొత్తం ఆపేస్తుంది. యూపీఎస్ బ్యాటరీ పోయిందని తెచ్చేవాళ్లలో కొందరిది బ్యాటరీ కాదు, ఇదే. మీద 450 వాట్స్ అని రాసి ఉండి, చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా ఉండే ఎస్ఎంపీఎస్‌ల గురించి వేరే చెప్పాలా. 12 వోల్టుల లైను 11.4 కన్నా కిందికి పోకూడదని ఎస్ఎంపీఎస్‌లకుండే ఏటీఎక్స్ నియమం. వాటికి నియమాలుంటే కదా.

సందట్లో సడేమియా అన్నట్టు ఇప్పుడు కొత్త వ్యాపారం మొదలైంది. "4కె రెడీ, ఓవర్‌క్లాక్డ్ గేమింగ్ పీసీ" అని స్టిక్కర్ వేసి, ముందు మూడు రంగుల ఫ్యాన్లు పెట్టి అమ్ముతున్నారు. అట్లాంటిదొకటి నా దగ్గరికి రిపేరుకొచ్చింది, విప్పితే హెచ్61 బోర్డు, కె అక్షరం లేని మామూలు ఐ7 2600. హెచ్61 మీద మల్టిప్లయర్ (మూల క్లాకును ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) కదలదు. స్టిక్కర్ మీదున్న 3.8 గిగాహెర్ట్జ్ ఇంటెల్ కంపెనీయే ఇచ్చిన టర్బో వేగం, అది ఓవర్‌క్లాకే కాదు. మూలమైన 100 మెగాహెర్ట్జ్ క్లాకును పెంచొచ్చు కదా అంటారేమో, ఆ తరం చిప్పుల్లో దానికే యూఎస్‌బీ, హార్డ్ డిస్కు అన్నీ ముడిపడి ఉంటాయి, నాలుగైదు శాతం దాటితే ఏదో ఒకటి మొరాయిస్తుంది. అందుకే కొనేముందు రెండు చూసుకోండి: చిప్పు పేరు చివర కె ఉందా, బోర్డు పీ67, జెడ్68, జెడ్77 వరసలోదా. ఏఎండీ రైజెన్ వాళ్లలో చాలామందికి చిప్పు తాళం బెడద లేదు, 2017 నాటి రైజెన్ 5 1600 కూడా బీ350 బోర్డు మీద పెరుగుతుంది, ఏ320 మీద పెరగదు. ఆఫీసుల్లోంచి తీసేసిన బ్రాండెడ్ పీసీలు కొన్నవాళ్లు ఓవర్‌క్లాక్ ఆలోచన మానుకోవడమే మేలు, వాటి బోర్డులు ఒప్పుకోవు, వాటి ఎస్ఎంపీఎస్‌కు పెద్ద కార్డు మోసే శక్తీ ఉండదు.

మరి ఆ దేవరకొండ పిల్లగాడికి ఏం చేశామంటే, కూలర్ విప్పి తుడిచి కొత్త పేస్టు వేశాం. ఒకే 8 జీబీ ర్యామ్ ముక్క ఉంది, దానికి జతగా ఇంకోటి వేసి డ్యూయల్ ఛానెల్, అంటే రెండు దారుల్లో నడిచేటట్టు, చేశాం. 1333 మీద నడుస్తున్న ర్యామ్‌ను బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేసి దాని అసలు వేగం 1600కి తెచ్చాం. ప్రాసెసర్ పరిమితిగా ఉన్న ఆటల్లో ఈ ర్యామ్ పనులే ఒక్కోసారి ఓవర్‌క్లాక్ అంత ఫలితం ఇస్తాయి, పైగా వేడి పెరగదు. ఆ తర్వాత వాడు పట్టు విడవకపోతే మల్టిప్లయర్‌ను 42 చేశాను, 4.2 గిగాహెర్ట్జ్ అన్నమాట, వోల్టేజీ దాదాపు ముట్టుకోకుండానే నిలబడింది. అంతకు మించి 4.5, 4.6 అంటూ పోతే చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్‌కే వోల్టేజీ అంతా పోతుంది. జీరో ఎక్స్ 124 నంబరుతో బ్లూ స్క్రీన్ వచ్చిందంటే ఈ తరం చిప్పుల్లో చాలాసార్లు వోల్టేజీ చాలనట్టే, అక్కడ ఇంకొంచెం ఎక్కించడం కాదు, ఒక మెట్టు దిగడం మేలని నా పద్ధతి. సిటీస్ స్కైలైన్స్‌లో ఊరు పెద్దదయ్యాక, కౌంటర్ స్ట్రైక్ 2లో పొగలు, గుంపు ఉన్నప్పుడు వాడికి తేడా తెలుస్తుంది. 4కెలో బొమ్మ బాగుండే పెద్ద గేముల్లో మాత్రం తెలియదు, ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించాకే చేశాను.

కార్డు మారుస్తానన్నవాళ్లకు కూడా ఒక మాట. పాత బోర్డు మీద ఏ కార్డు పడితే అది కుదరదు. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి బోర్డుతో మాట్లాడే దారులు (లేన్లు) నాలుగే ఉంటాయి, పీసీఐఈ (కార్డు గుచ్చే స్లాటు) 4.0 ఉన్న కొత్త బోర్డు మీద అది సరిపోతుంది. 2600కె పెట్టిన బోర్డులో, డబ్బా మీద 3.0 అని రాసి ఉన్నా, వచ్చేది 2.0 వేగమే, అంటే ఆ కార్డుకు దక్కే దారి నాలుగో వంతు. 16 లేన్లున్న పాత మోడల్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇలాంటి బోర్డుకు అదే నయం. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి, ఈ బోర్డుల్లో అది రాదు. ఇంకా, ఇంటెల్ రెండో (2600కె ఈ తరానిదే) మూడో తరం చిప్పుల్లో ఏవీఎక్స్2 అనే సూచనల గుంపు లేదు, నాలుగో తరంలో గానీ రాలేదు. అది తప్పనిసరి చేసిన కొత్త గేమ్ వచ్చిందంటే చిప్పును ఐదు గిగాహెర్ట్జ్‌కు తెచ్చినా తెరుచుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, 11 ఈ చిప్పులను అధికారికంగా ఒప్పుకోదు. ఇవన్నీ తెలిసి పాతదానితో సాగిస్తానంటే మంచిదే, నేనూ అట్లాంటి బండితోనే షాపు లెక్కలు నడుపుతున్నాను.

మీ పత్రికను అడిగేది ఏమిటంటే, ఇక ముందు ఇలాంటి వ్యాసం వేసినప్పుడు మూడు సంగతులు పక్కన బాక్సులో వేయండి: పరీక్ష చేసిన గది వేడి ఎంత, ఏ రెజల్యూషన్‌లో ఏ కార్డుతో చేశారు, సగటు ఫ్రేములతో పాటు కనిష్ఠంగా ఎన్ని వచ్చాయి. వీలైతే మే నెలలో ఏసీ లేని గదిలో ఒకసారి చేసి చూసి రాయండి, కావాలంటే మా షాపులోనే చేసుకోవచ్చు, పైన రేకులే. ఈలోగా చలికాలంలో ఓవర్‌క్లాక్ చేయించుకున్న పిల్లలు ఉగాది దాటగానే మల్టిప్లయర్‌ను రెండు మెట్లు దించుకోవాలి. బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసుకుంటే రెండు నిమిషాల పని, మళ్లీ వానలు పడ్డాక ఎక్కించుకోవచ్చు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
నల్లగొండ